రవ్వల నగలను ఇంట్లో కడుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వజ్రాన్ని పాడుచేయడం కష్టం. వజ్రాల నగను పాడుచేయడం చాలా తేలిక. రాయి ఓర్చుకున్నదాన్ని బంగారం ఓర్చుకోదు, బంగారం ఓర్చుకున్నదాన్ని పక్కనున్న పచ్చ ఓర్చుకోదు, వెనకున్న లక్క అసలే ఓర్చుకోదు. కింది జవాబులు చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

వజ్రం అంత గట్టిది కదా, మరి ఎందుకు మసకబారుతుంది?

రాయి మసకబారదు, దానికి జిడ్డు పడుతుంది. వజ్రం తీరే అంత. నీళ్లు దాని మీద నిలవవు, నూనె మాత్రం ఇట్టే అంటుకుంటుంది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో ఈ గుణాన్నే ఆసరా చేసుకుని, కొవ్వు పూసిన బల్లల మీదుగా కంకరను నీళ్లతో పారించేవారు. మామూలు రాళ్లు కొట్టుకుపోయేవి, వజ్రాలు కొవ్వుకు అతుక్కుని ఆగిపోయేవి. మన దుద్దులకు జరిగేదీ అదే. తలంటు నూనె, ముఖానికి రాసే క్రీము, చెమట, తాలింపు ఆవిరి, అన్నీ రాయి వెనక చేరి గట్టిపడతాయి.

వెనక అని ఎందుకంటున్నామంటే, తళుకు పుట్టేది అక్కడే. పైనుంచి లోపలికి వెళ్లిన వెలుగు కింది పలకలకు తగిలి తిరిగి పైకి వస్తేనే కంటికి మెరుపు తెలుస్తుంది. ఆ పలకలకు జిడ్డు పడితే కొంత వెలుగు వెనక నుంచే జారిపోతుంది, రాయి గాజుముక్కలా కనిపిస్తుంది. చీర చెంగుతో పైపైన ఎంత తుడిచినా తేడా రానిది ఇందుకే.

కడగడానికి ముందు ఏం చూసుకోవాలి?

నగను బోర్లించి వెనకవైపు చూడండి. ప్రతి రాయి వెనకా చిన్న రంధ్రం ఉండి, వెలుతురుకు పట్టుకుంటే కాంతి కనిపిస్తే అది ఓపెన్ సెట్టింగ్, నీళ్లలో వేయవచ్చు. వెనకంతా బంగారు రేకుతో మూసేసి ఉంటే క్లోజ్డ్ సెట్టింగ్, నీళ్లలో వేయకూడదు. ఈ ఒక్క సంగతి తెలియక పాడైన నగలే ఎక్కువ.

తర్వాత పక్క రాళ్లు చూడండి. ముత్యం, పగడం, పచ్చ ఉంటే వాటి ప్రశ్న కింద విడిగా ఉంది. దారంతో గుచ్చిన నగ అయితే దారాన్ని తడపకూడదు. చివరగా నగను చెవి దగ్గర పెట్టుకుని వేలితో రెండుసార్లు తట్టండి. సన్నగా టిక్కుటిక్కుమంటే ఏదో రాయి వదులైందని అర్థం. అది కడిగే నగ కాదు, కంసాలి దగ్గరికి వెళ్లాల్సిన నగ.

ఓపెన్ సెట్టింగ్ నగను కడిగే పద్ధతి ఏమిటి?

కావలసినవి: రెండు మూడు చిన్న గిన్నెలు, గిన్నెలు తోమే లిక్విడ్, చంటిపిల్లల మెత్తటి టూత్‌బ్రష్, టీ వడకట్టే జాలీ, నూలు పోగులు రాలని పాత మెత్తటి గుడ్డ. టూత్‌బ్రష్ కొత్తదే ఉండాలి. వాడేసిన బ్రష్‌లో మిగిలిన పేస్టు రేణువులు బంగారాన్ని గీస్తాయి.

1. పెద్ద పళ్లెంలో తువ్వాలు పరిచి దాని మీదే పని అంతా చేయండి. వాష్‌బేసిన్ మీద వద్దు.

2. ఒక గిన్నెలో 250 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు పోసి, అందులో లిక్విడ్ మూడు చుక్కలు వేయండి. వేడి 40 డిగ్రీలు దాటనక్కర్లేదు, పసిపిల్లకు స్నానం పోసేంత. లిక్విడ్ ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందనుకోకండి. కడిగి వదిలించుకోవలసిన నురగే పెరుగుతుంది.

3. నగను 20 నుంచి 30 నిమిషాలు నాననివ్వండి. దుద్దుల మరలు విప్పి వేరే గిన్నెలో నానబెట్టండి. లేకపోతే ఏ మర ఎటు పోయిందో తెలియదు. రెండు దుద్దుల మరలూ కలిసిపోకుండా చూసుకోండి, చేత్తో చేసిన మరలు ఒకదానివి ఇంకోదానికి సరిగ్గా ఎక్కవు.

4. బ్రష్‌ను సబ్బునీళ్లలో ముంచి ముందు వెనకవైపు రుద్దండి. రంధ్రంలోకి పళ్లు దూరేలా నిలువుగా పట్టుకుని చిన్నగా తిప్పండి. ఆ తర్వాతే ముందువైపు. రాయిని పట్టుకుని ఉండే సన్నటి బంగారు గోళ్లు, అంటే షాపుల్లో ప్రాంగ్స్ అనేవి, ఉన్నచోట అడ్డంగా గట్టిగా లాగకండి. రంధ్రంలో గట్టిపడ్డ మడ్డి ఉంటే సూది వాడవద్దు. చెక్క టూత్‌పిక్ కొనను నానబెట్టి మెత్తబరిచి దాంతో తియ్యండి.

5. నగను జాలీలో పెట్టి, రెండో గిన్నెలోని మంచినీళ్లలో ముంచి లేపండి. నీళ్లు మార్చి ఇంకోసారి. మీ ఇంట్లో బోరు నీళ్లయితే ఆఖరిసారి ఆర్ఓ నీళ్లు వాడండి. ఉప్పునీళ్లు ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి.

6. గుడ్డతో అద్ది, ఇంకో పొడి గుడ్డ మీద బోర్లించి ఫ్యాను కింద అరగంట ఉంచండి. తొందరుంటే హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టవచ్చు.

7. సబ్బు పొర కూడా మిగలకూడదనుకుంటే, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్క నిమిషం ముంచి తీయండి. ఇది వజ్రం, బంగారం మాత్రమే ఉన్న నగకే. పొయ్యి, దేవుడి దీపం దగ్గర ఈ పని వద్దు, అది భగ్గున అంటుకునే ద్రవం. చేతులకు రాసుకునే శానిటైజర్ దీనికి బదులు కాదు. జెల్ శానిటైజర్‌లోని చిక్కదనం ఆరాక రాయి మీద మళ్లీ పొరగా మిగులుతుంది.

అమ్మమ్మ ఇచ్చిన క్లోజ్డ్ సెట్టింగ్ రవ్వల దుద్దులను ఎలా శుభ్రం చేయాలి?

పాత ఏడురాళ్ల దుద్దులు, బేసరి, అడ్డిగలు చాలావరకు ఈ రకమే. రాయి కింద చిన్న బంగారు గిన్నె, అందులో మెరిసే తళుకు రేకు, కొన్నింట్లో లక్క ఉంటాయి. పోల్కీ, కుందన్ నగల్లోనూ అంతే, సాన పట్టని రాయికి ఆ మెరుపు ఇచ్చేది వెనకున్న రేకే. వెనక మూసినందువల్ల జిడ్డు రాయి కిందికి పోదు, కాబట్టి ఈ నగలు నిజానికి ఓపెన్ వాటికన్నా ఆలస్యంగా మురికవుతాయి. కానీ నీళ్లు ఒకసారి సందులోంచి లోపలికి దిగితే బయటికి రావు. రేకు నల్లబడుతుంది, రాయి లోపల నీడలాంటి మచ్చ ఏర్పడుతుంది. బయట నుంచి ఎంత తుడిచినా అది పోదు.

ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. మెత్తటి గుడ్డ మూలను సబ్బునీళ్లలో ముంచి, చుక్క కూడా కారనంతగా పిండండి. నగను బోర్లా పట్టుకుని, రాయి ముఖాన్ని కింది నుంచి అద్దుతూ తుడవండి. అలా పట్టుకుంటే తడి సందులోకి దిగదు. మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఇంకోసారి, పొడి గుడ్డతో చివరిసారి. తర్వాత బోర్లించి మూడు గంటలు గాలికి ఉంచండి. డ్రయర్, ఎండ రెండూ వద్దు, వేడికి లక్క మెత్తబడి రాయి కదులుతుంది.

ఇప్పటికే మచ్చ కనిపిస్తుంటే కంసాలి రాళ్లు విప్పి, రేకు మార్చి, మళ్లీ కట్టాలి. ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. దొరికినప్పుడే చేయించుకోండి.

కడుగుతుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. బంగారం రంగు పోతోందా?

లేదు, అది పసుపు. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేది ఈ సూత్రంతోనే. ఒంటి సబ్బు, బట్టల సబ్బు క్షార గుణం ఉన్నవి కాబట్టి వాటి నీళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. పసుపు రంగు నీళ్లలో పెద్దగా కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. సబ్బుతో కడిగాక కూడా గోళ్ల మధ్య పసుపు మిగిలితే, ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి అద్దితే వచ్చేస్తుంది.

కుంకుడు రసం వాడవచ్చా?

వాడవచ్చు. మన ఇళ్లలో బంగారాన్ని దాంతోనే కడిగేవారు, నేటికీ అది మంచి పద్ధతే. నాలుగైదు కాయల గింజలు తీసేసి, గ్లాసు వేడినీళ్లలో రెండు గంటలు నానబెట్టి పిసకండి. ఆ రసాన్ని పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, చల్లారాకే నగ వేయండి. వడకట్టకపోతే పిప్పి రాళ్ల వెనక ఇరుక్కుని, కడగకముందు కన్నా అన్యాయంగా తయారవుతుంది. శీకాయ పొడి మాత్రం వద్దు, అది పొడి.

టూత్‌పేస్ట్, వంటసోడా, నిమ్మకాయ, చింతపండు?

టూత్‌పేస్ట్‌లో పళ్లను రుద్దే సన్నటి సిలికా లేదా సుద్ద రేణువులు ఉంటాయి. అవి వజ్రాన్ని ఏమీ చేయలేవు, బంగారాన్ని గీస్తాయి. 22 కేరట్ల బంగారం 18 కేరట్ల దానికన్నా మెత్తన, గీతలు దాని మీద ఇంకా తొందరగా పడతాయి. వెంటనే తళతళలాడినట్టు అనిపించేది పైపొర అరిగినందువల్లే. అదీగాక పేస్టు రాయి వెనక ఆరి తెల్లటి గారలా మిగులుతుంది. వంటసోడా, గిన్నెలు తోమే పొడి, ముగ్గుపిండి, బూడిద, ఏది రుద్దినా ఇదే కథ.

నిమ్మరసంలో వంటసోడా కలిపితే వచ్చే బుసబుస చూడ్డానికి బాగుంటుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి, అంతే. మిగిలేది పెద్దగా శక్తి లేని ఉప్పునీళ్లు. విడిగా నిమ్మ, చింతపండు మేలిమి బంగారానికి హాని చేయకపోవచ్చు గానీ, పక్కన ముత్యమో పగడమో ఉంటే దాన్ని తినేస్తాయి. అల్యూమినియం ఫాయిల్, సోడా కిటుకు నల్లబడిన వెండికి పనికొస్తుంది. రవ్వల నగకు దాంతో పని లేదు.

బ్లీచింగ్, బాత్రూం క్లీనర్ తగిలితే?

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. క్లోరిన్ బంగారంలో కలిపిన ఇతర లోహాల మీద దాడి చేస్తుంది. 14, 18 కేరట్ల నగల్లో ఆ లోహాల పాలు ఎక్కువ, వజ్రాలు ఎక్కువగా పొదిగేదీ వాటిలోనే. పదేపదే తగిలితే గోళ్లు పెళుసుబారి ఒకరోజు చిన్న తగులుకే విరుగుతాయి, రాయి ఎక్కడ పడిందో కూడా తెలియదు. నికెల్ కలిపిన తెల్ల బంగారానికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఫినాయిల్, బ్లీచింగ్ పనులకూ స్విమ్మింగ్ పూల్‌కూ ముందు ఉంగరం తీసేయండి. ఎప్పుడైనా తగిలితే వెంటనే మంచినీళ్లతో బాగా కడగండి. బ్లీచ్‌లో అమ్మోనియా గానీ ఆమ్లం గానీ కలిపి "పవర్‌ఫుల్" ద్రావణం చేసే వీడియోలు చూసి ప్రయత్నించకండి. వచ్చేది విషవాయువు.

వజ్రాలతోపాటు పచ్చలు, కెంపులు, ముత్యాలు ఉన్న నగ సంగతేమిటి?

నగలో అన్నింటికన్నా సుకుమారమైన రాయి ఏదో దానికి తగ్గట్టే మొత్తం నగను కడగాలి. నవరత్నాల ఉంగరం ఉందనుకోండి, గీతలను ఓర్చుకునే శక్తికి 1 నుంచి 10 దాకా వేసే మోస్ కొలతలో వజ్రం కాఠిన్యం 10, ముత్యానిది 2.5 నుంచి 4.5. ముత్యం చెప్పినట్టే వినాలి.

పచ్చల్లో సహజంగానే పగుళ్లుంటాయి, చాలా పచ్చలకు అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్లు, ఎక్కువసేపు సబ్బులో నానడం, ఆల్కహాల్, ఈ మూడూ ఆ నూనెను లాగేస్తాయి, అప్పటిదాకా కనపడని పగుళ్లు బయటపడతాయి. మార్కెట్లో చవగ్గా వచ్చే కెంపుల్లో కొన్నింటి పగుళ్లను సీసం కలిసిన గాజుతో నింపుతారు. నిమ్మరసం లాంటి పుల్లటి పదార్థం కూడా ఆ గాజును తినేస్తుంది. నింపని మంచి కెంపు, నీలం మాత్రం గట్టివే, వాటి కాఠిన్యం 9. ముత్యం, పగడం రెండూ ప్రధానంగా సుద్ద పదార్థమే కాబట్టి ఆమ్లం పడదు, సెంటు కూడా మంచిది కాదు.

కాబట్టి ఇలాంటి నగను నానబెట్టవద్దు. తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వజ్రం ఉన్నచోట మాత్రం సబ్బునీళ్లలో ముంచి దులిపిన బ్రష్‌ను ఆడించి, వెంటనే తుడిచేయండి.

తెల్ల బంగారు ఉంగరం కడిగాక కూడా పచ్చగా ఉంది. ఎందుకు?

తెల్ల బంగారం సహజంగా కొంచెం పసుపుచాయలోనే ఉంటుంది, పైన రోడియం అనే తెల్లటి లోహంతో పూత వేస్తారు. రోజూ పెట్టుకునే ఉంగరానికి ఆ పూత ఏడాది రెండేళ్లలో అరచేతివైపు అరిగిపోతుంది. అది మురికి కాదు, కడిగితే పోదు, రుద్దితే ఇంకా అరుగుతుంది. షాపులో మళ్లీ పూత వేయించాలి. ప్లాటినంకు పూత గొడవ లేదు.

రవ్వల ముక్కుపుడక అన్నింటికన్నా తొందరగా మసకేస్తుంది. రోజూ తీయాలా?

ముక్కు పక్కన చర్మం నూనె ఎక్కువగా ఊరే చోటు, దానికితోడు పౌడరు, క్రీము. పెట్టుకునే ఉండి పైన సబ్బు రాసుకుంటే వెనక జిడ్డు పోకపోగా సబ్బు కూడా చేరుతుంది. రెండు వారాలకోసారి తీసి, చిన్న మూత ఉన్న సీసాలో సబ్బునీళ్లు పోసి అందులో వేసి, పది నిమిషాలయ్యాక నెమ్మదిగా ఊపండి. కుట్టిన కొత్తలో అయితే పుండు మానేదాకా తీయవద్దు. ఉప్పునీటితో చుట్టూ తుడవడం వరకే.

నల్లపూసల గొలుసుకు వజ్రాల లాకెట్ ఉంది. మొత్తం ముంచవచ్చా?

బంగారు తీగతో చుట్టిన పూసలైతే ముంచవచ్చు, పూసల మధ్య బ్రష్‌తో పోనిచ్చి బాగా ఆరబెట్టాలి. దారంతో గుచ్చినవైతే లాకెట్‌ను మాత్రమే గిన్నెలో వేలాడదీసి కడగండి. తడిసిన దారం లోపలే కుళ్లి ఒకరోజు తెగుతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే అల్ట్రాసోనిక్ మెషిన్ కొనుక్కోవచ్చా?

వజ్రాల షాపుల్లో వాడేది అదే, నిజమే. సెకనుకు దాదాపు 40 వేల సార్లు కంపించే తరంగాల వల్ల నీళ్లలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతూ జిడ్డును ఊడబెరుకుతాయి. కానీ షాపువాళ్లు ముందు ఒక్కో రాయినీ భూతద్దంలో చూసి వేస్తారు. ఆ చూపు లేకుండా ఇంట్లో వేస్తే, మడ్డి పట్టుకుని ఉన్నందువల్లే నిలిచిన రాయి కాస్తా ఊడిపోతుంది. చిన్న రవ్వలు ఒకదానికొకటి ఆనుకుని పొదిగిన నగల్లో అంచులు తగులుకుని చిట్లవచ్చు. వజ్రానికి తేలిగ్గా గీత పడదు గానీ, కొన్ని దిశల్లో దెబ్బ తగిలితే చీలుతుంది. పచ్చ, ముత్యం, పగడం, క్లోజ్డ్ సెట్టింగ్, పగుళ్లు నింపిన వజ్రం ఇవేవీ అందులో వేయకూడదు. ఇన్ని మినహాయింపులు తీసేస్తే మిగిలే ఒకటి రెండు నగలకు గిన్నె, బ్రష్ సరిపోతాయి.

ఉంగరంలో పిండి ఇరుక్కుంది. వేడినీళ్లు పోయాలా?

మురుకుల పిండి, పూరీ పిండి ఏదైనా సరే, ముందు చల్లటి నీళ్లే. బాగా వేడి నీళ్లు పోస్తే పిండి అక్కడే ఉడికి జిగురవుతుంది. గంటసేపు మామూలు నీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో వదిలించి, ఆ తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్లు.

గోళ్లు వదులయ్యాయని ఇంట్లో తెలుసుకోవచ్చా?

నూలు దారం ముక్కను ప్రతి గోరు మీదుగా నెమ్మదిగా లాగండి. ఎక్కడైనా చిక్కుకుంటే ఆ గోరు లేచింది. చీరకో, జుట్టుకో తరచూ తగులుకునే ఉంగరం కూడా అదే చెబుతోంది. చెక్క టూత్‌పిక్‌తో రాయి పక్కన చిన్నగా నెట్టి చూడండి, ఏ మాత్రం కదలకూడదు. పట్టకారుతో మీరే గోరు వంచే ప్రయత్నం చేయకండి.

సింక్‌లో పడిపోయింది!

కుళాయి కట్టేయండి, మళ్లీ ఎవరూ తిప్పకుండా చెప్పండి. వాష్‌బేసిన్ కింద సీసాలాంటి బాటిల్ ట్రాప్ ఉంటే, బరువైన వస్తువు దాని అడుగునే ఆగుతుంది. కింద బకెట్ పెట్టి అడుగు మూత చేత్తో తిప్పి విప్పండి. వంటింటి సింక్ నుంచి మడతల ప్లాస్టిక్ గొట్టం తిన్నగా నేల జాలీలోకి పోతుంటే, ముందు ఆ గొట్టాన్ని విప్పి దులిపి, తర్వాత నేల ట్రాప్‌లో చేత్తో వెతకండి. డ్రెయిన్ శుభ్రం చేసే పొడి మాత్రం పోయకండి.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాలకు వేరే పద్ధతి ఉందా?

లేదు, అవీ వజ్రాలే. వజ్రంలా కనిపించే మోయిసనైట్ రాయికీ ఇదే పద్ధతి. అమెరికన్ డైమండ్ నగలకు మాత్రం పైపూత పల్చన, పైగా చాలావాటిలో రాళ్లు జిగురుతో అతికిస్తారు. తడి గుడ్డతో తుడవడం దాటి వెళ్లవద్దు.

ఎన్నాళ్లకోసారి కడగాలి?

రోజూ వేసుకునే ఉంగరం వారం రెండు వారాలకు, దుద్దులు నెలకు. పెళ్లిళ్లకు పెట్టుకునేవి ఇంటికొచ్చాక లాకర్‌లోకి వెళ్లేముందు పొడి గుడ్డతో తుడిస్తే చాలు. రోజువారీ నగలను ఆరు నెలలకోసారి షాపులో చూపించండి.

కడిగినా మెరుపు రాలేదు?

ఆరాక తెల్లటి మచ్చలుంటే నీళ్ల ఉప్పు, ఆర్ఓ నీళ్లతో మళ్లీ కడగండి. వెనక నల్లగా గట్టిపడి ఉంటే ఏళ్ల నాటి జిడ్డు, రాత్రంతా నానబెట్టి రెండు మూడు విడతలుగా తీయాలి. రాయిలో తెల్లటి పొగలాంటి గీత కొత్తగా కనిపిస్తే అది పగులు కావచ్చు, లేదా పగుళ్లు నింపిన రాయిలో ఆ నింపుడు దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు సర్టిఫికెట్‌తో సహా షాపుకు తీసుకెళ్లండి.

మెరుగు పెట్టించడానికి ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు?

మెరుగు అంటే పైపొర కొద్దిగా అరగదీయడమే, ప్రతిసారీ కాస్త బంగారం పోతుంది. ఊరికే జిడ్డు వదలడానికైతే ఆవిరితో కడగమని అడగండి. ఇచ్చేముందు మీ ఎదుటే తూకం వేయించి, మొత్తం బరువు, రాళ్ల సంఖ్య రసీదు మీద రాయించుకోండి. హాల్‌మార్క్ పక్కన హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉండే ఆ నగ గుర్తింపు సంఖ్య, ఉంటే అదీ రాయించండి. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. పాత నగలకు అది ఉండదు, కాబట్టి ముందూ వెనకా ఫోన్‌తో దగ్గరగా ఫొటోలు తీసి ఉంచుకోండి.

దాచడం ఎలా?

ఒక్కో నగ ఒక్కో పెట్టెలో, లేదా విడివిడి జిప్ సంచుల్లో. వజ్రం పక్కనున్న ముత్యాన్నీ బంగారాన్నీ గీస్తుంది, ఇంకో వజ్రాన్నీ గీస్తుంది. దూదిలో నేరుగా పెట్టకండి, పోగులు గోళ్లకు చుట్టుకుంటాయి. షాపువాళ్లిచ్చే గులాబీరంగు కాగితంలో చుట్టి ఆపైన దూది పెట్టుకోవచ్చు. కడిగిన రోజే పెట్టెలో పెట్టేయకండి. మరల సందుల్లో తడి చాలాసేపు ఉంటుంది, ఒక రాత్రి ఆరనిచ్చి పొద్దున పెట్టండి.